చీకటిగది చిత్రకారుడు

బెంగళూరు నగరంలో హోసూరు రోడ్డు మీద మడివాళ అనే పేట ఉంది. కన్నడంలో మడివాళుడంటే బట్టలు ఉతికి శుభ్రం చేసే వృత్తివాడు. మడి అన్న మాట మన తెలుగులోనూ ఉంది. ఉతికి, విడిగా ఆరవేసి, మరే బట్టా తగలనీయకుండా ఉంచినదానిని మడిబట్ట అంటాము. మడివాళ వంటి పేటలలో ఒకప్పుడు ఫోటో స్టూడియోల వెనుక ఇలాంటి మడి పాటించే గది ఒకటి ఉండేది. దానిని చీకటిగది అనేవారు. పరీక్ష దరఖాస్తుకు అతికించే చిన్న ఫోటో కోసం వెళ్ళిన విద్యార్థులు ముందు గదిలో కుర్చీమీద కూర్చుని ఫోటో తీయించుకుని వచ్చేవారు. ఆ ఫోటో తయారయ్యేది మాత్రం లోపలి చీకటిగదిలోనే.

ఆ గదిలో ఎర్రని దీపం ఒక్కటే వెలుగుతుంది. బల్ల మీద వరుసగా ట్రేలు ఉంటాయి. ఫోటో కాగితం మీద వెండి లవణాల పూత ఉంటుంది. తెల్లని వెలుతురు తగిలితే ఆ లవణాలలో కంటికి కనబడని మార్పు వస్తుంది. ఎర్రని వెలుతురు ఆ కాగితాన్ని ఏమీ చేయదు. నెగటివ్ గుండా వచ్చే వెలుతురును కొన్ని క్షణాలు కాగితం మీద పడనిచ్చి, దానిని డెవలపర్ అనే ద్రావణంలో ముంచుతారు. వెలుతురు సోకినచోట లవణాలు నల్లని వెండిగా మారుతాయి. సోకనిచోట కాగితం తెల్లగానే ఉంటుంది. ఆ తరువాత హైపో అనే ద్రావణంలో ముంచితే మిగిలిన లవణాలు కరిగిపోతాయి. చివరకు మంచినీటితో కడిగి ఆరవేస్తారు. అప్పుడు ఆ ఫోటో ఎంత వెలుతురులో ఉంచినా చెడిపోదు.

ఈ పనికి నియమాలు కచ్చితమైనవి. హైపోలో మునిగే వరకు కాగితానికి తెల్లని వెలుతురు తగలరాదు. కాగితం మీద ఏ వస్తువూ పెట్టరాదు. నెగటివ్ లేనిదే ప్రింటు లేదు. ద్రావణం వేడిని ఉష్ణమాపకంతోను, సమయాన్ని గడియారంతోను చూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కాగితం పాడై, చెత్తబుట్టలో పడవలసినదే. ఫోటో పని నేర్చుకునే పిల్లవాడికి మొదట నేర్పే పాఠం ఇదే.

ఈ నియమాలన్నీ క్షుణ్ణంగా తెలిసి, ప్రతిరోజూ వాటిని పాటిస్తూ, వాటిని ఒక్కొక్కటిగా దాటి చూసి, ఛాయాచిత్రకళకు కొత్త దారి వేసినవాడు మాన్ రే.

మాన్ రే 1890 ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. అతని అసలు పేరు ఎమాన్యుయెల్ రాద్నిట్‌స్కీ. తల్లిదండ్రులు రష్యా సామ్రాజ్యం నుండి బతుకుతెరువు కోసం వలస వచ్చిన యూదులు. నలుగురు పిల్లలలో అతడే పెద్దవాడు. అతనికి ఏడేళ్ళు వచ్చేసరికి ఆ కుటుంబం న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతానికి మారింది. తండ్రి బట్టల కర్మాగారంలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి మళ్ళీ కుట్టుపని చేసేవాడు. తల్లి పిల్లల బట్టలు స్వయంగా కత్తిరించి కుట్టేది, మిగిలిన ముక్కలతో అతుకుల దుప్పట్లు చేసేది. సూదులు, కత్తెరలు, దారపు ఉండలు, ఇస్త్రీ పెట్టె, గుడ్డపీలికలు, వీటి మధ్యనే ఆ పిల్లవాడు పెరిగాడు.

వలస వచ్చినవారిని, అందులోను యూదులను, చిన్నచూపు చూసే రోజులవి. అందుచేత 1912లో ఆ కుటుంబం తమ ఇంటిపేరును రే అని కుదించుకుంది. ఇంట్లో ఎమాన్యుయెల్‌ను ముద్దుగా మానీ అని పిలిచేవారు. అతడు ఆ పేరును కూడా కుదించి మాన్ అని మార్చుకున్నాడు. ఆంగ్లభాషలో మాన్ అంటే మనిషి, రే అంటే కిరణం. వెలుతురుతోనే జీవితమంతా పనిచేయబోయేవాడికి ఆ పేరు చక్కగా అమరింది.

చదువుకునే రోజులలోనే అతడు చిత్రలేఖనంలోను, యంత్రాల పటాలు గీయడంలోను నేర్పు చూపాడు. బడి చదువు ముగిసేసరికి భవననిర్మాణ శాస్త్రం చదవడానికి విద్యార్థివేతనం లభించింది. పేద ఇంటి పెద్దకొడుకుకు అది చిన్న అవకాశం కాదు. కాని అతడు దానిని కాదన్నాడు. చిత్రకారుడినే అవుతానని నిశ్చయించుకున్నాడు. తల్లిదండ్రులు ఎంతో నొచ్చుకున్నారు. అయినా కొడుకును వెళ్ళగొట్టలేదు. తమ చిన్న ఇంటిలోనే చిత్రాలు వేసుకోవడానికి అతనికి చోటు చేసి ఇచ్చారు. అతడు పగలు ప్రచురణ సంస్థలలో పటాలు, నమూనాలు గీస్తూ జీతం సంపాదించాడు. తీరిక దొరికితే చిత్రాలు వేసేవాడు.

ఆ రోజులలో న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఒక చిన్న ప్రదర్శనశాల నడిపేవాడు. ఐరోపాలోని కొత్తరకం చిత్రాలను అక్కడ చూపేవాడు. మాన్ రే తరచుగా అక్కడికి వెళ్ళి ఆ చిత్రాలను శ్రద్ధగా చూసేవాడు. 1913లో న్యూయార్కులో ఐరోపా నవ్యచిత్రకళా ప్రదర్శన పెద్ద ఎత్తున జరిగింది. దానిని చూసిన తరువాత, కంటికి కనిపించినదానిని ఉన్నదున్నట్లు దించడమే చిత్రకళ కాదన్న నమ్మకం అతనిలో బలపడింది. 1915లో ఫ్రాన్సు నుండి వచ్చిన చిత్రకారుడు మార్సెల్ ద్యుషాంతో పరిచయమైంది. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

మాన్ రే కెమెరాను చేతబట్టడానికి కారణం చాలా సామాన్యమైనది. తాను వేసిన చిత్రాలకు ఫోటోలు కావలసి వచ్చాయి. ఇతరులు తీసిన ఫోటోలు అతనికి నచ్చలేదు. అందుచేత తానే ఒక కెమెరా కొని ఆ పని నేర్చుకున్నాడు. ఆ విధంగా ఫోటోగ్రఫీ అతని జీవితంలోకి చిత్రకళకు సేవకురాలిగా ప్రవేశించింది.

ఆ కాలంలోనే అతడు మరొక ప్రయోగం చేశాడు. వ్యాపార ప్రకటనలకు రంగులు అద్దేవారు గాలి ఒత్తిడితో రంగును చిమ్మే పిచికారీ వాడేవారు. మాన్ రే 1917 నుండి దానితో చిత్రాలు వేయసాగాడు. కాగితం మీద వస్తువులను ఉంచి, వాటి చుట్టూ రంగు చిమ్మి, వస్తువులను తీసివేసేవాడు. వాటి ఆకారాలు కాగితం మీద మిగిలేవి. కుంచె కాగితాన్ని తాకకుండానే చిత్రం తయారయ్యేది. యంత్రంతో చేసినది కళ ఎలా అవుతుందని కొందరు విమర్శకులు ఆక్షేపించారు. మాన్ రే వెనుదీయలేదు. రంగుకు బదులు వెలుతురును చిమ్మితే ఏమవుతుందో తెలుసుకునే రోజు ఇంకా రావలసి ఉంది.

1921 జూలైలో మాన్ రే పారిస్ నగరం చేరుకున్నాడు. అతనికి ఫ్రెంచి భాష సరిగా రాదు. చేతిలో డబ్బు స్వల్పం. ద్యుషాం అతనిని అక్కడి కవులకు, చిత్రకారులకు పరిచయం చేశాడు. ఆ ఏడాది డిసెంబరులో అతని చిత్రాల ప్రదర్శన జరిగింది. ఆ ప్రదర్శన కోసం అతడు ఒక ఇస్త్రీ పెట్టె కొని, దాని అడుగున ఒక వరుసలో మేకులు అతికించి, కానుక అని పేరు పెట్టాడు. బట్టను నున్నగా చేయవలసిన పెట్టె బట్టను చీల్చే వస్తువుగా మారింది. దర్జీ కొడుకుకు తోచిన వింత అది. ప్రదర్శనకు జనం వచ్చారు, ముచ్చటించుకున్నారు, వెళ్ళిపోయారు. ఒక్క చిత్రం కూడా అమ్ముడుపోలేదు.

బతకడానికి మళ్ళీ కెమెరాయే ఆధారమైంది. ఇతర చిత్రకారుల చిత్రాలకు ఫోటోలు తీశాడు. మనుషుల ఫోటోలు తీశాడు. పేరుపొందిన దుస్తుల రూపశిల్పి పోల్ ప్వారే తయారుచేయించిన కొత్త దుస్తులకు ఫోటోలు తీసే పని దొరికింది. అతడు ఉంటున్నది ఒక చిన్న హోటలు గది. ప్రత్యేకమైన చీకటిగది లేదు. చీకటిపడిన తరువాత ఆ గదినే చీకటిగదిగా మార్చుకుని, ఎర్రదీపం వెలుగులో ప్రింట్లు వేసుకునేవాడు.

ఒక రాత్రి అతడు దుస్తుల ఫోటోలకు ప్రింట్లు వేస్తున్నాడు. వెలుతురు చూపిన కాగితాలతోబాటు వెలుతురు చూపని కాగితం ఒకటి పొరపాటున డెవలపర్ ట్రేలో పడింది. అతడు బొమ్మ కోసం కాసేపు ఎదురుచూశాడు. బొమ్మ రాలేదు. కాగితం వృథా అయినందుకు విచారించాడు. డబ్బుకు కటకటగా ఉన్న రోజులలో ఒక్క కాగితమైనా విలువైనదే. పరధ్యానంగా, బల్ల మీదనున్న చిన్న గాజు గరాటును, కొలత గీతలున్న గాజు గ్లాసును, ఉష్ణమాపకాన్ని ఆ తడికాగితం మీద పెట్టి, గది దీపం వెలిగించాడు.

అతని కళ్ళ ముందే కాగితం నల్లబడసాగింది. వస్తువులు అడ్డుగా ఉన్నచోట మాత్రం నల్లబడలేదు. గాజు గుండా వంగి వచ్చిన వెలుతురు ఒకచోట బూడిదరంగుగా, ఒకచోట తెల్లని వంకరగీతగా పరుచుకుంది. గరాటు గరాటులాగే ఉన్నది, అయినా అది గరాటు నీడ కాదు, ఫోటో కాదు, చేతితో గీసిన బొమ్మ అంతకన్నా కాదు. నల్లని ఆకాశంలో తేలుతున్న వింత వస్తువులా కనిపించింది.

మరొకడైతే ఆ కాగితాన్ని నలిపి పారవేసి ఉండేవాడు. మాన్ రే అసలు పనిని పక్కనబెట్టాడు. మరికొన్ని కొత్త కాగితాలు తీశాడు. ఆ గది తాళంచెవి, చేతిరుమాలు, పెన్సిళ్ళు, కుంచె, కొవ్వొత్తి, పురికొస, చేతికి ఏది అందితే దానిని కాగితం మీద ఉంచి వెలుతురు చూపాడు. వస్తువులను ద్రావణంలో పెట్టనక్కరలేదని, పొడికాగితం మీద పెట్టి కొద్దిక్షణాలు వెలుతురు చూపి, ఆ తరువాత డెవలపర్‌లో ముంచితే చాలునని గ్రహించాడు. వస్తువును కాస్త ఎత్తి పట్టుకుంటే అంచు మసకబారుతుంది. దీపాన్ని పక్కకు జరిపితే నీడ సాగుతుంది. ఒక వస్తువును తీసి మరొకటి పెట్టి మళ్ళీ వెలుతురు చూపితే రెండు ఆకారాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇవన్నీ అతడు వరుసగా చేసి చూశాడు.

ఆ ప్రింట్లను గోడకు తగిలించాడు. ట్రిస్టన్ జారా అనే కవి వాటిని చూసి ఎంతో ఉత్సాహపడ్డాడు. వాటికి మాన్ రే పేరు మీదుగా రేయోగ్రాఫులు అనే పేరు స్థిరపడింది. 1922లో అటువంటి పన్నెండు చిత్రాలతో షాం దెలిస్యూ అనే సంపుటం వెలువడింది. దానికి జారా ముందుమాట వ్రాశాడు. నలభై ప్రతులు మాత్రమే తయారుచేశారు. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని వానిటీ ఫెయిర్ అనే పత్రిక నాలుగు రేయోగ్రాఫులను అచ్చువేసింది. డబ్బు లేక హోటలు గదిలో ప్రింట్లు వేసుకుంటున్న మనిషి పేరు సముద్రాలు దాటింది.

అయితే ఈ పద్ధతి ప్రపంచానికి పూర్తిగా కొత్తది కాదు. కెమెరా లేకుండా ఫోటో కాగితం మీద వస్తువుల ఆకారాలు తీయడం ఫోటోగ్రఫీ పుట్టిన నాటినుండి ఉన్నదే. 1830ల చివర ఇంగ్లాండులో ఫాక్స్ టాల్బట్ ఆకులను, లేసు గుడ్డలను ఈ విధంగా అచ్చుదించాడు. 1843 నుండి ఆనా అట్కిన్స్ అనే మహిళ సముద్రపు నాచుమొక్కలను నీలిరంగు కాగితం మీద ఎండలో అచ్చుదించి గ్రంథంగా వెలువరించింది. ఇంజనీర్లు ఇంటి పటాలకు వాడుతూ వచ్చిన నీలి నకళ్ళు కూడా ఆ పద్ధతిలో వచ్చినవే. క్రిస్టియన్ షాడ్ అనే జర్మను చిత్రకారుడు 1919 నాటికే కాగితపు ముక్కలతో ఇలాంటి చిత్రాలు చేశాడు. హంగేరీకి చెందిన మొహోలీ నాజ్ 1922లో బెర్లినులో స్వతంత్రంగా ఇదే పని ప్రారంభించాడు.

మరి మాన్ రే ప్రత్యేకత ఏమిటి? టాల్బట్, అట్కిన్స్ వంటివారు ఆకును ఆకులాగా చూపాలనుకున్నారు. మొక్క ఎలా ఉందో తెలియజెప్పడం వారి ధ్యేయం. మాన్ రే అందుకు విరుద్ధంగా నడిచాడు. మనం రోజూ చూసే దువ్వెనను, తాళంచెవిని, తీగచుట్టను మనకు తెలియని వస్తువులుగా మార్చాడు. ఫోటో అంటే ఉన్నదానికి సాక్ష్యమని అందరూ నమ్మే కాలంలో, ఫోటో కాగితంతో ఊహాచిత్రాలు వేయవచ్చునని నిరూపించాడు. పైగా రేయోగ్రాఫుకు నెగటివ్ ఉండదు. అందుచేత ఒక దానివంటిది మరొకటి రాదు. ఎన్ని ప్రతులైనా తీయడానికి పుట్టిన కళతో అతడు ఒకే ఒక్క ప్రతి ఉండే చిత్రాన్ని చేశాడు.

1923 జూలైలో ఈ పద్ధతిని చలనచిత్రంలోకి కూడా తెచ్చాడు. పారిస్‌లో ఒక కళాకారుల సభకు మాన్ రే చలనచిత్రం ఉంటుందని జారా ముందుగానే ప్రకటించాడు. మాన్ రేకు ఆ సంగతి తెలిసేసరికి ఒక్కరోజే మిగిలింది. తన దగ్గరున్న ఫిల్ము చాలలేదు. చీకటిగదిలో కొత్త ఫిల్మును బల్ల మీద పరిచాడు. కొన్ని ముక్కల మీద వంటవాడు మాంసం మీద చల్లినట్లు ఉప్పు, మిరియాల పొడి చల్లాడు. మరికొన్నింటి మీద గుండుసూదులు, చిన్నమేకులు పరిచాడు. క్షణకాలం దీపం వెలిగించి ఆర్పి, ఫిల్మును డెవలప్ చేశాడు. అంతకుముందు తీసిన కొన్ని దృశ్యాలను వాటికి చేర్చి అతికించాడు. ప్రదర్శన సమయంలో ఆ అతుకులు తెగి బొమ్మ ఆగిపోయింది. సభలో గందరగోళం చెలరేగింది. అయినా ఆ కొద్ది నిమిషాల చిత్రం ప్రయోగాత్మక చలనచిత్ర చరిత్రలో చిరస్థాయిగా నిలిచింది.

ఇంతలో మాన్ రే పారిస్‌లో ప్రముఖ ఛాయాచిత్రకారుడయ్యాడు. మొంపర్నాస్ ప్రాంతంలో సొంత స్టూడియో ఏర్పరచుకున్నాడు. చిత్రకారుడు పికాసో, రచయితలు జేమ్స్ జాయిస్, హెమింగ్‌వే, గెర్ట్రూడ్ స్టైన్ మొదలైనవారు అతని కెమెరా ముందు కూర్చున్నారు. మన దేశం నుండి వెళ్ళిన ఇండోరు మహారాజు యశ్వంతరావు హోల్కర్, మహారాణి సంయోగితాదేవి దంపతులకు 1930 ప్రాంతంలో అతడు తీసిన ఫోటోలు నేటికీ ప్రసిద్ధం. ఈ పనులలో అతడు నియమం తప్పలేదు. డబ్బిచ్చి ఫోటో తీయించుకునేవారికి శుభ్రమైన, స్పష్టమైన ప్రింట్లు అందించాడు. నియమం పాటించిన ఆ ప్రింట్ల వలన వచ్చిన ఆదాయంతోనే నియమం దాటే ప్రయోగాలు సాగాయి.

1929లో లీ మిల్లర్ అనే అమెరికా యువతి అతని స్టూడియోకు వచ్చింది. న్యూయార్కులో ఆమె ఫోటోలకు నమూనాగా నిలబడి పేరు పొందింది. కాని కెమెరా ముందు నిలబడటం కంటే కెమెరా వెనుక నిలబడాలని ఆమె కోరిక. తాను శిష్యులను తీసుకోనని మాన్ రే చెప్పినా ఆమె వెనుదిరగలేదు. సహాయకురాలిగా చేరి, పని నేర్చి, త్వరలోనే అతనికి సాటి వచ్చే ఛాయాచిత్రకారిణి అయింది.

ఒకనాడు ఆమె చీకటిగదిలో నెగటివ్‌లను డెవలప్ చేస్తున్నది. డజను నెగటివ్‌లు ట్రేలో ఉన్నాయి. అవి నల్లని తెర ముందు తీసినవి. ఇంకొద్ది సేపటిలో పని పూర్తవుతుందనగా ఏదో ఆమె పాదం మీదుగా పరుగెత్తింది. ఎలుక కాబోలునని ఉలిక్కిపడి, తానెక్కడ ఉన్నదీ మరచి, దీపం వెలిగించింది. చీకటిగదిలో ఇంతకు మించిన తప్పు లేదు. మాన్ రే వచ్చి, ఇక వాటిని కాపాడటం వీలుకాదని తెలిసినా, నెగటివ్‌లను గబగబా హైపోలో ముంచాడు.

తరువాత తీసి చూస్తే అవి పూర్తిగా చెడిపోలేదు. అంతవరకు వెలుతురు సోకని నేపథ్యం కొత్త వెలుతురుకు స్పందించింది. అప్పటికే డెవలప్ అయిన శరీరభాగం అంతగా మారలేదు. ఆ రెండూ కలిసే సరిహద్దులో ఒక సన్నని గీత మిగిలింది. ప్రింటు వేసినప్పుడు మనిషి చుట్టూ పెన్సిలుతో గీసినట్లు ఆ గీత కనిపించింది. ముఖం లోహంతో పోతపోసినట్లు మెరిసింది. ఈ మార్పును 1862లోనే సబాతియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఫోటోగ్రాఫర్ల పుస్తకాలలో అది లోపంగానే నమోదై ఉంది.

ఆ లోపాన్ని మాన్ రే, లీ మిల్లర్ కలిసి పనిముట్టుగా మలిచారు. అది ఒక్కరాత్రిలో జరగలేదు. దీపం ఎంత దూరంలో ఉండాలి, ఎన్ని క్షణాలు వెలగాలి, డెవలపింగు ఏ దశలో ఉండగా వెలిగించాలి అన్నవి మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూశారు. ఎన్నో నెగటివ్‌లు నిజంగానే చెడిపోయాయి. చివరకు తాము కోరుకున్న గీతను కోరుకున్నచోట రప్పించగలిగారు. దైవికంగా జరిగిన తప్పు అభ్యాసంతో విద్యగా మారింది. చాలాకాలం వరకు ఈ పద్ధతిని లోకం మాన్ రే ఒక్కడి పేరుతోనే చెప్పుకుంది. దీపం వెలిగించిన చెయ్యి, ఆ తరువాత పక్కన నిలబడి పరీక్షలు చేసిన చెయ్యి లీ మిల్లర్‌వి అన్న సంగతిని చరిత్రకారులు తరువాత గుర్తించారు. 1932లో ఆమె పారిస్ విడిచి వెళ్ళి న్యూయార్కులో సొంత స్టూడియో పెట్టుకుంది. రెండవ ప్రపంచయుద్ధంలో యుద్ధరంగ ఛాయాచిత్రకారిణిగా పనిచేసి, 1945లో నాజీల నిర్బంధ శిబిరాల దారుణాలను ప్రపంచానికి చూపింది.

ఒకప్పుడు తప్పుగా ఎంచిన పద్ధతిని వ్యాపార సంస్థలు కూడా ఆదరించాయి. 1931లో పారిస్ నగరానికి విద్యుత్తు సరఫరా చేసే సంస్థ ఇండ్లలో విద్యుత్తు వాడకాన్ని గురించి చిత్రాలు చేయమని మాన్ రేను కోరింది. అతడు పది రేయోగ్రాఫులతో విద్యుత్తు అనే సంపుటం తయారుచేశాడు. కంటికి కనబడని విద్యుత్తును కెమెరాతో ఫోటో తీయలేము. నేరుగా వెలుతురుతో గీసిన ఆ చిత్రాలు అందుకు తగినవయ్యాయి.

1940లో జర్మను సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. యూదుగా పుట్టిన మాన్ రేకు అక్కడ ఉండటం ప్రాణాపాయం. పంతొమ్మిది సంవత్సరాల శ్రమను, చిత్రాలను, నెగటివ్‌లను చాలావరకు అక్కడే వదలి, లిస్బన్ మీదుగా ఓడలో అమెరికా చేరుకున్నాడు. యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటినుండి జీవితం ఆరంభించవలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని హాలీవుడ్‌లో నివసించాడు. ఫోటో వృత్తిని చాలావరకు పక్కనబెట్టి, పోయాయనుకున్న చిత్రాలను జ్ఞాపకం తెచ్చుకుని తిరిగి వేశాడు. 1946లో జూలియెట్ బ్రౌనర్‌ను వివాహమాడాడు. 1951లో భార్యతో పారిస్‌కు తిరిగివచ్చి, చివరివరకు అక్కడే ఉన్నాడు.

అతని మనసులో ఒక బాధ ఎప్పుడూ ఉండేది. తాను చిత్రకారుడినని అతని నమ్మకం. లోకం మాత్రం అతనిని ఛాయాచిత్రకారుడిగానే గౌరవించింది. 1961లో వెనిస్‌లో ఫోటోగ్రఫీకే అతనికి బంగారుపతకం లభించింది. 1963లో తన ఆత్మకథను ప్రచురించాడు. గరాటు, ఉష్ణమాపకాల ఆ రాత్రిని గురించి మనకు తెలిసినది ఆ గ్రంథం వలననే. 1976 నవంబరు 18న పారిస్‌లో మరణించాడు. మొంపర్నాస్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది. 2022లో న్యూయార్కులో జరిగిన వేలంలో 1924 నాటి అతని ఫోటో ఒకటి కోటీ ఇరవై నాలుగు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటివరకు వేలంలో ఒక ఫోటోకు వచ్చిన ధరలలో అదే అత్యధికం. పారిస్‌లోని తొలి ప్రదర్శనలో ఒక్క చిత్రమూ అమ్ముకోలేకపోయిన మనిషి చిత్రమది.

మాన్ రే జీవితం నుండి నియమాలను లెక్కచేయనక్కరలేదని నేర్చుకుంటే అది పొరపాటు. పొరపాటున వెలుతురు తగిలి చెడిపోయిన కాగితాలు ప్రపంచంలోని చీకటిగదులలో లక్షలకొద్దీ ఉండి ఉంటాయి. వాటిలో కళగా మారినవి బహుకొద్ది. ఏ నియమం ఎందుకున్నదో తెలిసినవాడు కనుకనే, దానిని తప్పినప్పుడు ఏమి జరిగిందో మాన్ రే గ్రహించగలిగాడు. చెడిన కాగితాన్ని పారవేయక ముందు ఒక్కసారి తేరిపార చూశాడు. చూసినదానిని మళ్ళీ చేసి చూశాడు. అదే అతని గొప్పతనం.

నేడు సెల్‌ఫోనుతో క్షణంలో ఫోటో వస్తుంది. మడివాళలోనే కాదు, ఎక్కడైనా చీకటిగది ఉన్న స్టూడియో కనబడటం అరుదు. కాని వెలుతురు గీసే బొమ్మలు మన చుట్టూ ఉన్నాయి. గోడమీది పాత క్యాలెండరు తీస్తే, దాని వెనుక సున్నం రంగు మారకుండా చతురస్రంగా కనిపిస్తుంది. రంగు కాగితం మీద ఆకునో తాళంచెవినో పెట్టి కొన్నిరోజులు మేడమీద ఎండలో కదలకుండా ఉంచితే, చుట్టూ రంగు వెలిసి, ఆ ఆకారం మిగులుతుంది. ఎండకు వెలిసిన కాగితమని దానిని పారవేయవచ్చు. ఒక్కక్షణం ఆగి చూడనూ వచ్చు. పారిస్‌లోని చిన్న హోటలు గదిలో ఆ రాత్రి మాన్ రే చేసినది ఈ రెండవ పనే.